పాలపిట్ట రెక్కలోని నీలము: తెరనుండి కాగితమునకు

కంప్యూటరు తెరమీద కన్నులపండువుగా నున్న చిత్రము అచ్చయి చేతికి వచ్చుసరికి వెలవెలబోవుట నేడు పెక్కుమందికి అనుభవమైన విషయమే. పాఠశాల సంచిక ముఖపత్రమునకో, తరగతి గోడపటమునకో విద్యార్థులు బొమ్మ గీయుదురు. ఉపాధ్యాయులు మెచ్చుకొందురు. అచ్చుకూటమునుండి కట్టలు వచ్చి విప్పిచూచిన తరువాత అందరి ముఖములును చిన్నబోవును. తప్పు సిరాదనియో, యంత్రము నడిపినవానిదనియో అనుకొనుట పరిపాటి. అట్టి తప్పులు ఉండవచ్చును గాని మొదటి కారణము వేరు. తెర కాంతిని తానే పుట్టించును. కాగితమునకు ఆ శక్తి లేదు. తనపై బడిన కాంతిలో కొంత సిరా మింగివేయగా మిగిలినదానిని మాత్రమే అది మన కంటికి పంపును. కావున తెరమీద పూర్తియైన దనుకొన్న చిత్రము అచ్చుదృష్టితో చూచినచో ఇంకను సగములోనే ఉన్నది. దాని కూర్పును, రంగును, చిత్రకారులు టెక్స్చరు అని పిలుచు మేని గరుకు నునుపులను కాగితమునకు తగినట్లు మరల సరిదిద్దవలసియున్నది. దీనికి ఒక్క ఉదాహరణము తీసికొని విచారింతము.

ఉన్నత పాఠశాల తరగతులకై పాలపిట్ట బొమ్మ నొకదానిని అచ్చువేయించుచున్నా మనుకొందము. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. 2018 వరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షియు ఇదియే. విజయదశమినాడు దీనిని చూచుట శుభమని తెలంగాణమున ఆచారము. తీగమీద కూర్చున్నప్పుడు ఇది మట్టిరంగు పక్షివలె కనబడును. ఎగిరినప్పుడు మాత్రము రెక్కలలోని లేతనీలపు పట్టెయు, ముదురు నీలపు పట్టెయు ఒక్కసారిగా తళుక్కుమనును. రొమ్ముమీద ఊదాచాయ గల గోధుమరంగు, అందు సన్నని తెల్లని చారలు ఉండును. నీలము, గోధుమరంగు కలిసియున్న పక్షి మనకు మఱియొకటి కలదు. అది తెల్లరొమ్ము లకుముకిపిట్ట. పిల్లలు ఈ రెంటిని తారుమారు చేయుట సామాన్యము. ముక్కు చూచి గుర్తింపవచ్చును. లకుముకి ముక్కు ఎఱ్ఱనిది, పొడవైనది. కాని దూరమునుండి చూచువానికి రెక్కల పట్టెలు, రొమ్ముమీది చారలు ముఖ్యములు. అచ్చులో నీలము ఊదారంగుగ మారి, రొమ్ముచారలు సిరాలో పూడిపోయినచో, ఆ పటము పిల్లవానికి పాలపిట్టను నేర్పదు. పటములో రంగు అలంకారము కాదు, పాఠమే. అచ్చులో ఒకసారి దొరలిన తప్పు ప్రతులన్నిటిలోను ఉండును. అది గోడమీద ఏండ్లతరబడి నిలిచి తప్పునే నేర్పుచుండును.

ఇక ఆ నీలము సంగతి. పాలపిట్ట ఈకలో నీలిమందు వంటి వర్ణద్రవ్యము ఏదియు లేదు. ఈకను నలిపి పొడిచేసినచో నీలము పోయి గోధుమరంగు పొడి మిగులును. సర్ చంద్రశేఖర వేంకట రామన్ 1934లో, భారత విజ్ఞాన అకాడమీ పత్రిక మొదటి సంపుటములోనే, ఈ పక్షి ఈకలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఈ రంగు ఈక నిర్మాణమువలన కలుగుచున్నదనియు, సామాన్యమైన కాంతి పరిక్షేపణము ఒక్కదానితోనే దీనిని వివరింప వలను పడదనియు ఆయన చూపెను. తరువాతి కాలమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పక్షుల నీలిఈకలను పరీక్షించినవారు, అందలి గాలిబుడగల వంటి సూక్ష్మరంధ్రముల అమరికలో ఒక క్రమము ఉన్నదనియు, ఆ రంధ్రములనుండి వెడలు కాంతితరంగముల వ్యతికరణమువలన నీలము బలపడుచున్నదనియు నిర్ధారించిరి. చిత్రకారుడు ఎదుర్కొనవలసినవి ఇట్లు మూడు నీలములు. ఈకలోని నీలము నిర్మాణముచే కలిగినది. తెరలోని నీలము చిన్న దీపములచే కలిగినది. కాగితముమీది నీలము సిరా మింగగా మిగిలినది. మూడును ఒకటి కావు. ఒకటి మఱియొకదానిని తలపింపజేయును, అంతియే.

తెర పనిచేయు తీరును తెలిసికొనుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. చేతిఫోను తెరమీద తెల్లని పుటను తెరచి, దానిపై ఆవగింజంత నీటిబొట్టును ఉంచుడు. బొట్టు భూతద్దమువలె పనిచేసి ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల మిణుకులను చూపును. తెలుపు ఎక్కడను లేదు! పసుపుపచ్చని బొమ్మ తెరచినను పసుపు మిణుకు కనబడదు. ఎఱుపు, ఆకుపచ్చ మిణుకులు మాత్రమే వెలుగుచుండును. మన నేత్రపటలములో మూడు విధముల శంకుకణములు ఉండుటవలననే ఈ మాయ సాధ్యమైనది. కంటిలో మూడు విధముల గ్రాహకములు ఉండవచ్చునని టామస్ యంగ్ 1802లోనే ఊహించెను. మాక్స్‌వెల్ 1861లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మూడు రంగుల వెలుగులను ఒకే తెరపై కలిపి, ఒక గళ్ళ రిబ్బను యొక్క రంగుఛాయాచిత్రమును చూపెను. నేటి తెరలన్నియు ఆ ప్రదర్శనకు వారసులే. ఇందు రంగులు కలిపినకొలది వెలుతురు పెరుగును. మూడును కలిసిన తెలుపు.

అచ్చులో దీనికి సరిగా వ్యతిరేకము. సయాను అను పచ్చనీలి సిరా ఎఱుపు కాంతిని మింగును. మెజెంటా సిరా ఆకుపచ్చను మింగును. పసుపు సిరా నీలమును మింగును. సిరాలు కలిపినకొలది వెలుతురు తగ్గును. 1667లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టిన ల బ్లాన్ అను చిత్రకారుడు నీలము, పసుపు, ఎఱుపు పలకలు మూడింటిని ఒకదానిపై నొకటి ముద్రించి నిండు వర్ణచిత్రములను తీయుట సాధ్యమని చూపి, 1719లో ఇంగ్లండులో ఆ పద్ధతికి హక్కుపత్రము పొందెను. కొన్నిటికి ఆయన నల్లపలకను కూడ చేర్చెను. నేటి నాలుగురంగుల అచ్చునకు మూలము ఆ పలకలలోనే ఉన్నది. సిరాలు సిద్ధాంతము చెప్పినంత శుద్ధమైనవైనచో మూడు సిరాలు కలిసిన నలుపు రావలెను. వచ్చునది ముదురు బురదరంగు. అందుచేతనే నల్లసిరా నాలుగవదిగా నిలిచినది.

సిరాల ఈ అశుద్ధతయే మన పాలపిట్టకు శత్రువు. మెజెంటా సిరా ఆకుపచ్చను మాత్రమే మింగి ఊరకుండదు. నీలమును కూడ కొంత మింగును. సయాను సైతము ఎఱుపుతో పాటు ఆకుపచ్చలోను కొంత కొఱుకును. తెరమీద ముదురు నీలము కావలెనన్న నీలపు దీపమును పూర్తిగా వెలిగించిన చాలును. కాగితముమీద అదే నీలము రావలెనన్న సయానుపై మెజెంటాను వేయవలెను. ఒక్కొక్క సిరా తన వంతును మించి మింగుటచే మిగులు నీలము తక్కువ. పైగా రెండును సమానముగా వేసినచో వచ్చునది నీలము కాదు, ఊదా. తెరమీది గాఢనీలము అచ్చులో వంగపండు రంగుగ మారుటకు కారణ మిదియే. ముద్రాపకులు అనుభవముతో కనుగొన్న ఉపాయమేమన, సయాను నూటికి నూరు పాళ్ళున్నచోట మెజెంటాను 65, 70 పాళ్ళకు మించనీయరాదు. పాలపిట్ట రెక్కలోని ముదురుపట్టెకు ఈ పరిమితిని పాటించిన చాలవరకు గట్టెక్కుదుము.

లేతపట్టె విషయములో ఒక వింత కలదు. తెర చూపగల రంగులన్నియు అచ్చు చూపగల రంగులకంటె ఎక్కువే అని అందరు అనుకొందురు. మొత్తముమీద అది నిజమే. కాని మంచి కాగితముపై వేసిన శుద్ధమైన సయాను సిరా, సామాన్యమైన తెరలు పాటించు ఎస్‌ఆర్‌జీబీ అను ప్రమాణపు హద్దునకు కొంచెము వెలుపల పడుచున్నది. అనగా ఆకసపు చాయ గల పచ్చనీలములో కొంతభాగము అచ్చునకు సాధ్యము, తెరకు అసాధ్యము. ముదురు నీలములో అచ్చు ఓడిపోవును, లేత పచ్చనీలములో గెలువగలదు. ఈ సంగతి ఎఱిగినవాడు లేతపట్టెను సయానుతో ఇంచుమించు ఒంటరిగా వేయును. సయాను 70, మెజెంటా 10, పసుపు 5కు లోపు, నలుపు సున్న. నీలములో పసుపు గాని నలుపు గాని చుక్కంత చేరినను దాని కాంతి చచ్చిపోవును. కంప్యూటరు తనంత తాను తెరరంగులను సిరారంగులుగా మార్చునపుడు లేతనీడలలో నలుపును చేర్చుట కలదు. కావున మార్చిన పిమ్మట నాలుగు సిరాల పాళ్ళను విడివిడిగా తెరచి చూచుకొనవలెను. ఉచితముగా దొరకు క్రిటా వంటి చిత్రలేఖన సాధనములలో ఈ వసతి కలదు.

ఇంతచేసినను ముదురు నీలము తెరమీదివలె రాదు. సిరాకు లేని శక్తిని మనము తెచ్చిపెట్టలేము. ఇక్కడనే కూర్పు తోడ్పడును. రంగు సమస్యకు పరిష్కారము రంగుల పెట్టెలోనే ఉండనక్కరలేదు.

పారిసులోని గోబ్లాఁ రాజకీయ నేతశాలకు 1824లో మిషెల్ షెవ్రూల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అద్దకపు పనికి అధిపతియై వచ్చెను. నీలము, ఊదా వస్త్రముల మడతలలో నీడకై నేసిన నల్లదారము తేలిపోయినట్లున్నదని అప్పట్లో ఫిర్యాదు. షెవ్రూల్ ఆ నలుపును పరీక్షింపగా అద్దకములో దోషము లేదు. దోషము ప్రక్కనున్న రంగులది. నీలము ప్రక్కనున్న నలుపు, కంటికి తన్ను తాను మార్చుకొనినట్లు తోచుచున్నది. ఒక రంగు ప్రక్కరంగును తనకు విరుద్ధమైన చాయవైపు నెట్టునని గ్రహించి, ఆయన 1839లో ఆ విషయముపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. మనకు కావలసిన కిటుకు ఇందున్నది. నీలమును పెంచలేనిచో, దాని ఇరుగుపొరుగును తగ్గింపవచ్చును. నీలమునకు విరుద్ధము నారింజ, పసుపు చాయలు. కోసిన వరిమడిలోని ఎండుగడ్డి రంగునో, వేసవి బీడు రంగునో లేతగా వెనుక పరచినచో అదే సిరా, అదే పాళ్ళు, ఇంకను నీలముగా కనబడును.

క్రొత్తగా బొమ్మలు వేయువారు పక్షి అనగానే వెనుక నీలాకాశమును నింపుదురు. ఇది స్వాభావికమే గాని పాలపిట్ట పాలిటికి ఇంతకంటె చెఱుపు లేదు. పుట అంతయు సయాను ఆక్రమించుకొనిన తరువాత రెక్కలోని సయానునకు విలువ యెక్కడిది? ఆకాశము తప్పదనుకొన్నచో పొద్దువాలు వేళ ఆకాశమును వేయుడు. దట్టమైన ఆకుపచ్చని చెట్టుకొమ్మల నడుమ పెట్టుటయు మంచిది కాదు. ముదురు ఆకుపచ్చలో సయాను, పసుపు రెండును అధికముగా ఉండును. దాని ప్రక్కన నీలపు అంచులు కరగిపోవును.

పక్షి భంగిమ కూడ కూర్పులో భాగమే. తీగపై రెక్కలు ముడిచి కూర్చున్న పాలపిట్టను గీచినచో పాఠమునకు ప్రాణమైన పట్టెలు దాగిపోవును. ఎగురుచున్న దానిని గీచినచో రొమ్ముచారలు చిన్నవగును. నా దృష్టిలో దిగబోవుచు రెక్కలు పైకెత్తిన భంగిమ ఉత్తమము. అప్పుడు రెండును కనబడును. రెక్క వెడల్పుగా ఉన్నంత మాత్రమున చాలదు, దాని చుట్టును ఖాళీ ఉండవలెను. ఖాళీ అనగా వ్యర్థమైన చోటు కాదు, కన్ను రెక్కను వెదకకుండ పట్టుకొనుటకు ఇచ్చిన చోటు. పుస్తకపు రెండు పుటల నడుమ కుట్టులో పక్షి తల పడకుండ చూచుట, కత్తిరింపు గీతకు వెలుపల నలువైపుల 3 మిల్లీమీటర్ల మేర రంగును పొడిగించుట, ముఖ్యమైన భాగములను అంచునకు దూరముగా నుంచుట ప్రతి ముద్రాపకుడును చెప్పు మాటలే.

కూర్పు సరిగా ఉన్నదా అని తేల్చుటకు ఒక చిన్న పరీక్ష కలదు. చిత్రమును నలుపు తెలుపులోనికి మార్చి చూచుట. తెల్లని తెరమీద మనకు తోచు వెలుతురును నూరు భాగములనుకొన్నచో, అందు ఆకుపచ్చ దీపము వంతు సుమారు 72, ఎఱుపు వంతు 21, నీలము వంతు 7 మాత్రమే. కావున తెరమీద ఎంతో ప్రకాశించుచున్నట్లు కనబడు నీలము వెలుతురు లెక్కలో ముదురుబూడిదయే. ముదురు గోధుమరంగు నేలపై ముదురు నీలపు రెక్కను పెట్టినచో, రంగులలో అవి వేరువేరుగా కనబడుచున్నను, నలుపు తెలుపులో రెండును ఒకే బూడిదలో కలిసిపోవును. ఇది ఊహ కాదు. మన పాఠశాలలలో రంగుపటము ఒకటి వచ్చిన, పిల్లల చేతికి చేరునవి దాని జిరాక్సు ప్రతులు. పైగా తరగతిలో రంగులను సరిగా పోల్చుకొనలేని బాలురు ఒకరిద్దరైనను ఉండవచ్చును. వెలుతురులోని తేడాతో నిలుచు బొమ్మ వీరందరికి ఉపయోగపడును. రంగుతేడాతో మాత్రమే నిలుచు బొమ్మ ఉపయోగపడదు.

టెక్స్చరు విషయము వీటన్నిటికంటె చిక్కైనది. ఏలయన చిత్రకారుడు తెరపై గీచిన గీతలే కాక, అచ్చుయంత్రము తనదైన నేతనొకదానిని చిత్రముపై పరచును. ఒక పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో వార్తాపత్రికలోని రంగుబొమ్మను చూడుడు. లేతరంగు అనునది ఎచ్చటను ఉండదు. ముదురుసిరా చుక్కలు చిన్నవిగా, దూరముగా ఉండును, అంతియే. మంచి కాగితముపై అచ్చులో ఈ చుక్కల వరుసలు అంగుళమునకు 150 ఉండును. అనగా వరుసకు వరుసకు నడుమ సుమారు 0.17 మిల్లీమీటరు. కన్ను నలుపు తెలుపు గీతలనైనను ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణముకంటె దగ్గరగా నున్నచో విడదీయలేదు. 30 సెంటీమీటర్ల దూరమున ఇది సుమారు 0.09 మిల్లీమీటరు. తేడా తక్కువగా నున్న లేతచుక్కల విషయములో కన్ను ఇంకను మందగించును. అందుచే చుక్కలు కలిసి రంగుగా తోచును.

అచ్చునకిచ్చు చిత్రములో అంగుళమునకు 300 బిందువులుండవలె ననుట ఈ 150కి రెట్టింపు లెక్కవలన వచ్చినది. ఏ4 పుటకు ఇది అడ్డము 2480, నిలువు 3508 బిందువులు. గోడపటమునకు ఇంత అక్కరలేదు. మూడు మీటర్ల దూరమున చివరి బల్లమీద కూర్చున్న పిల్లవాని కన్ను 0.9 మిల్లీమీటరుకంటె సన్ననిదానిని విడదీయలేదు గదా. అంగుళమునకు 150 ఉన్న చాలును, దగ్గరకు వచ్చి చూచు పిల్లలకు కూడ సరిపోవును.

రెండు క్రమమైన నేతలు ఒకదానిపై నొకటి పడినపుడు ఏమగును? దోమతెరను రెండు మడతలుగా వేసి వెలుతురునకు ఎదురుగా పట్టి, ఒక మడతను మెల్లగా త్రిప్పుడు. దారములలో లేని పెద్ద పెద్ద చాళ్ళు నీటి అలలవలె కదలుచు కనబడును. దీనిని మోయిరే అందురు. దగ్గర దగ్గర పౌనఃపున్యములు గల రెండు శ్రుతిదండములను మ్రోగించినపుడు వినబడు విస్పందనములకు ఇది కంటి రూపము. అచ్చులో నాలుగు సిరాల చుక్కల వరుసలు నాలుగు నేతలు. ఒకదానికొకటి 5 డిగ్రీలు మాత్రమే వాలియున్నచో ఏర్పడు చాళ్ళ వెడల్పు వరుసల దూరమునకు పదకొండున్నర రెట్లు, అనగా సుమారు 2 మిల్లీమీటర్లు; బొమ్మ అంతయు గళ్ళచీరయై కూర్చుండును. 30 డిగ్రీలు వాలియున్నచో ఆ వెడల్పు రెట్టింపుకు కూడ లోపే, 0.33 మిల్లీమీటరు, కంటికి తట్టదు. అందుకే సయానును 15, నలుపును 45, మెజెంటాను 75 డిగ్రీల కోణములలో అమర్చుట వాడుక. చుక్కల గడి 90 డిగ్రీలకు మరల మొదటికి వచ్చును గనుక నాలుగవ సిరాకు 30 డిగ్రీల యెడము మిగులదు. లేతదగుటచే దోషము కనబడదని పసుపును సున్న డిగ్రీలలో సర్దుదురు.

ఈ నాలుగింటికి తోడు చిత్రకారుడు ఈకలోని పోగులను సన్నని సమాంతర గీతలుగా గీచెనేని అది అయిదవ నేత యగును. ఆ గీతల దూరము 0.18 మిల్లీమీటరై, చుక్కల దూరము 0.17 అయినచో, రెండును ఒకే దిక్కున ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్ల వెడల్పున చాళ్ళు పుట్టును. పక్షికి లేని పట్టెలు రెక్కమీద వెలయును! పట్టెలే గుర్తుగా గల పక్షికి ఇది ఎంతటి అపచారమో చెప్పనక్కరలేదు. కావున ఈకగీతలను అరమిల్లీమీటరు, ఆపైని ఎడముతో, కొంచెము వంపు కొంచెము అక్రమము ఉండునట్లు గీయవలెను. అంతకంటె సన్నని వివరమును గీతలతో గాక చాయలోని హెచ్చుతగ్గులతో సూచింపవలెను. ఈనాటి చిత్రసాధనములలో గరుకు కుంచెలు వందలకొలది దొరకుటచే ప్రతి మూలను ఇసుక చల్లినట్లు గరుకుతో నింపుట ఒక తెగులుగా మారినది. తెరమీద అది చేతిపనివలె కనబడును. అచ్చులో కాగితపు గరుకు, చుక్కల గరుకు ఎట్లును ఉండనే ఉన్నవి. మూడును కలిసి మురికియగును. రొమ్మున, రెక్కమీద మాత్రము టెక్స్చరు నుంచి, వెనుకతలమును నునుపుగా వదలినచో కన్ను తానుగా పక్షివద్దకే పోవును.

రొమ్ముమీది తెల్లచారల సంగతి చెప్పవలసియున్నది. చుక్క కాగితముపై పడిన తరువాత కొంత వ్యాపించును. అంతేకాదు, చుక్కల నడుమ తెల్లచోట కాగితములోనికి చొచ్చిన కాంతి ప్రక్కకు చెదరి చుక్క క్రింద చిక్కుకొనును. అందుచే చుక్క ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. నూటికి 50 పాళ్ళుగా వేసిన రంగు నునుపుపూత గల ఆర్టుకాగితముపై సుమారు 65 పాళ్ళుగా, వార్తాపత్రికల కాగితముపై 75 పాళ్ళుగా తేలును. గోధుమరంగు మూడు సిరాలతో ఏర్పడినది. ఆ మూడును అన్నివైపులనుండి తెల్లచారలోనికి చొరబడును. ఏ ఒక్క పలక పదవవంతు మిల్లీమీటరు జరిగినను చారకు ఒక ప్రక్క ఎఱ్ఱని, మఱియొక ప్రక్క పచ్చని అంచు పుట్టును. అందుచే చారలను తెరమీద కొంచెము మొరటుగా తోచునంత వెడల్పుగా, కనీసము 0.3 మిల్లీమీటరు ఉండునట్లు గీచి, వాటి సంఖ్యను తగ్గింపవలెను. ఇరువది చారలు పూడిపోవుటకంటె తొమ్మిది చారలు నిలుచుట మేలు. గోధుమరంగులోను మధ్యచాయలను పది పాళ్ళు తేలికపరచి పంపవలెను.

ఇదే కారణముచే బొమ్మమీది పేర్లను, సూచికలను నల్లసిరా ఒక్కదానితోనే వేయవలెను. తెరమీది నలుపును కంప్యూటరు నాలుగు సిరాల మిశ్రమముగా మార్చుచుండును. పలకలు రవంత జరిగినచో తెలుగు లిపిలోని తలకట్లు, గుడులు, ఒత్తులు అన్నియు అలుక్కుపోవును. ఒత్తులు లేని లిపులకు ఈ బెడద ఇంతగా లేదు. నాలుగు సిరాలను నూటికి నూరు వేసినచో మొత్తము 400 అగును గాని, ఏ కాగితమును అంత తడిని ఓర్వదు. ఆర్టుకాగితమునకు సుమారు 300, వార్తాపత్రికల కాగితమునకు 240 హద్దు. ముదురురెక్కల నీడలలో ఈ మొత్తము మించకుండ చూడవలెను. లేనిచో ఒక ప్రతి సిరా మఱియొక ప్రతి వీపునకు అంటుకొనును.

ఈ లెక్కలన్నియు కాగితమునుబట్టి, యంత్రమునుబట్టి మారును. వాటిని ఒకచోట చేర్చి కంప్యూటరునకు తెలుపు పట్టికకు ప్రొఫైలు అని పేరు. అన్ని యంత్రములకు ఒకే భాషలో ఉండునట్లు ఈ పట్టికల రూపమును నిర్ణయించుటకు 1993లో ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడినది. పని మొదలుపెట్టకముందే అచ్చుకూటమువారిని, ఏ కాగితము, ఏ ప్రొఫైలు అని అడిగి తెచ్చుకొనుట మంచిది. దానిని క్రిటాలో చేర్చినచో అచ్చులో బొమ్మ ఎట్లుండబోవునో తెరయే సుమారుగా చూపును. అట్లు చూపునపుడు రంగులు ఒక్కసారిగా చప్పబడును. చాలమంది అది చూడలేక ఆ వసతిని ఆపివేయుదురు. కాని చూపుచున్నది నిజమే. ఆ చప్పని తెరమీదనే వెనుకతలమును తగ్గించి, రెక్క అంచులను తేల్చి, చారలను వెడల్పుచేసి సరిదిద్దవలెను. తెర వెలుతురును కూడ సగమునకు తగ్గించి, తెల్లకాగితము నొకదానిని ప్రక్కన పెట్టుకొని పనిచేసిన కన్ను మోసపోదు.

చివరగా అచ్చుకూటమువారు నమూనాప్రతి ఇత్తురు. దానిని అక్కడి దీపము క్రింద చూచి ఒప్పుకొనరాదు. రెండు రంగులు ఒక దీపము క్రింద ఒకటిగానే తోచి, మఱియొక దీపము క్రింద వేరగుట కలదు. దీపపు వర్ణపటములో లేని కాంతిని సిరా తిరిగి పంపలేదు గదా. ముద్రణ పరిశ్రమ ఇందుకై 5000 కెల్విను చాయ గల దీపమును ప్రమాణముగా పెట్టుకొన్నది. అది లేనిచోట పగటివేళ నీడపట్టున, ఉత్తరపు కిటికీ ప్రక్కన చూచిన చాలును. మొదట చేతిదూరమున, తరువాత పది అడుగుల దూరమున చూడుడు. రెక్కలోని రెండు పట్టెలును ఆ దూరమున వేరువేరుగా ఉన్నవా, లేతపట్టెలో నల్లచుక్కలు దూరినవా, రొమ్మున చారలు లెక్కకు వచ్చుచున్నవా అనునవి భూతద్దముతో పరీక్షించి, నమూనాను ఒక్కసారి జిరాక్సు తీయించి, అందును పట్టెలు నిలిచినవని తేలిన పిమ్మట సంతకము చేయవచ్చును.